పన్నెండో దడ

గ్యాసును తిట్టినవాళ్ళున్నారు, కంపెనీని తిట్టినవాళ్ళున్నారు, తమ ఖర్మను తిట్టుకున్నవాళ్ళూ ఉన్నారు. దొమ్మేటి బుల్లియ్య మాత్రం ఈనాటికీ నిరంజన్ సారునే తిడతాడు. చెడ్డవాడైతే నాలుగు రోజులు తిట్టుకుని ఊరుకునేవాడేమో. నిరంజన్ చెడ్డవాడు కాదు, మర్యాదస్తుడు. ఊరంతా మూగదీ చెవిటిదీ అని పిలిచే బుల్లియ్య చెల్లెల్ని, ఆమెకు వినపడదని తెలిసీ, "రత్నంగారూ" అన్న మొదటి మనిషి అతనే. అదే బుల్లియ్యకు మింగుడుపడదు. కసాయివాడు కోస్తే కోశాడనుకుంటాం. నూనె రాసి తల దువ్విన చెయ్యే గొంతు మీదికొస్తే ఎవరితో చెప్పుకోవాలి?

చినలంక చివర కాలవగట్టు పట్టుకుని పోతే నీలవేణి రొయ్యల ఫ్యాక్టరీ. రొయ్యను గడ్డకట్టించాలంటే చలి కావాలి, చలి కావాలంటే అమ్మోనియా కావాలి. పైపుల్లో ఉన్నంతసేపూ అది చెప్పినట్టు చేసే పాలేరు. బయటికొచ్చిందా, యముడు. ఆరో తరగతిలో బడి మానేసిన బుల్లియ్య ఆ పాలేరుకు పాలేరు. ఇరవై రెండేళ్ళుగా కంప్రెసర్ గదిలో హెల్పరు. చెల్లెలు నాగరత్నం పక్క షెడ్డులో రొయ్యలు వొలుస్తుంది.

ఫ్యాక్టరీ ప్రహరీకీ వాళ్ళ ఇంటి గోడకీ మధ్య నలభై ఆరు సెంట్ల జాగా ఉండేది. తల్లి పోతూ పోతూ దాన్ని రత్నం పేర రాయించింది. కొడుకు చిన్నబుచ్చుకుంటే, "దానికి వినపడదురా. దానికీ లోకానికీ మధ్య కాస్త జాగా ఉండాలి" అందట. 

రత్నానికి చెవులు లేవు గానీ ఒళ్ళంతా చెవే. ఇంట్లో ఆమెను పిలవాలంటే మడమతో నేల మీద రెండుసార్లు తన్నాలి. పెరట్లో ఉన్నా, వంటింట్లో ఉన్నా తిరిగి చూసేది. లారీ వీధి మొగకి రాకముందే వాకిట్లో పడుకున్న కోడిపిల్లల్ని లోపలికి తోలేది. భయం వేస్తే అరచెయ్యి కడుపు మీద పెట్టుకునేది. అన్నాచెల్లెళ్ళ సైగల భాషలో భయానికి గుర్తు అదే. వాళ్ళ అమ్మ నేర్పలేదు, రత్నమే కనిపెట్టుకుంది.

నిరంజన్ సారు పట్నం నుంచి వచ్చి పెట్టిన యంత్రానికి ఏదో ఇంగ్లీషు పేరుంది. షెడ్డులో అందరూ దాన్ని దడపెట్టె అన్నారు. మెడ వెనక బిళ్ళలాంటి పట్టీ అంటిస్తారు. మనిషికి భయం తెలిసేలోపే ఒంటికి తెలుస్తుందట. వెంట్రుక లేస్తుంది, చెమట పడుతుంది, గుండె ఒక అడుగు తప్పుతుంది. ఆ జలదరింపును పట్టీ పట్టుకుని పెట్టెకు పంపిస్తుంది. పన్నెండుమంది ఒళ్ళు చెప్పేదాన్ని కలిపి చూసుకుని, గ్యాసు బయటపడబోతోందని పెట్టె ముందే కూస్తుంది. సంగతి అంతే.

మొదటి ఏడాది సారు ఆ పట్టీల్ని తన వెంట వచ్చిన పన్నెండుమంది ఇంజినీర్లకు అంటించాడు. అందరిదీ ఒకే కాలేజీ, ఒకే హాస్టలు, ఒకే మెస్సు. ఒక మధ్యాహ్నం ఫ్రీజింగ్ గదిలో పైపు కీలు వదిలింది. కళ్ళు కాలిపోతున్నాయని ఆడవాళ్ళు అరుస్తూ బయటికి పరిగెడుతుంటే పెట్టె పచ్చలైటు వేసుకుని కూర్చుంది. ఆ సాయంత్రం సారు కంప్రెసర్ గది మెట్ల మీద కూలబడి, "పన్నెండు ముక్కులు పెట్టాననుకున్నాను బుల్లియ్యగారూ. పెట్టింది ఒకటే ముక్కు, పన్నెండుసార్లు" అన్నాడు.

ఆ మాట బుల్లియ్యకు అప్పట్లో నచ్చింది కూడా.

తర్వాత సారు ఒకళ్ళకొకళ్ళు పోలికలేని మనుషుల కోసం ఫ్యాక్టరీ అంతా తిరిగాడు. కంపెనీవాళ్ళు గేటు మీద 'అందరూ మనవాళ్ళే' అని బోర్డు కట్టారు. పట్టీ కోసం బుల్లియ్య కూడా నిలబడ్డాడు. పరీక్ష చేసి వద్దన్నారు. ఇన్నేళ్ళు ఆ వాసనలో మగ్గినవాడి ఒళ్ళు ఇంక దేనికీ ఉలిక్కిపడదట. రత్నాన్ని తీసుకున్నారు. అరకు కొండల నుంచి పనికొచ్చిన కొర్రా బుద్రిని తీసుకున్నారు. మగపిల్లాడిగా పుట్టి ఆడదానిగా బతుకుతున్న హాసినిని తీసుకున్నారు. ఆమెను అంతకుముందు ప్యాకింగ్ గుమ్మం కూడా తొక్కనిచ్చేవారు కాదు. అప్పుడే నెల తప్పిన ఒకామె, సముద్రం మానేసిన జాలరి ఒకాయన, కాలు లేని వాచ్‌మన్ ఒకడు, అలా పన్నెండుమంది పోగయ్యారు.

పెట్టె పలికింది. మొదటి నెలలోనే పలికింది. ఒక ఉదయం బల్ల మీద రొయ్యలు వొలుస్తున్న రత్నం ఉన్నట్టుండి చేతులు పైకి తీసి కడుపు మీద పెట్టుకుంది. గోడ అవతల కంప్రెసర్ అడుగున ఒక బోల్టు వదులై, నేలలో సన్నగా వణుకు పుట్టింది. ఇంకెవరికీ తెలియలేదు. పెట్టె ఎర్రలైటు వేసింది, మిషను ఆపారు, విప్పి చూస్తే బోల్టు సగం ఊడి ఉంది. ఆ రోజు సారు రత్నం ముందు నిలబడి, ఎవరో నేర్పిన సైగతో దణ్ణం పెట్టాడు. క్యాంటీన్లో ఆఫీసువాళ్ళ బల్ల మీద ఆ పన్నెండుమందికీ టిఫిను పెట్టించారు. బుద్రి పక్కన రత్నం, రత్నం పక్కన హాసిని. నిన్నటిదాకా ఎవరి గిన్నె వారు తెచ్చుకుని గోడవారన తిన్నవాళ్ళు. ఆ రోజు బుల్లియ్య కళ్ళు తుడుచుకున్నాడు. అది అబద్ధం కాదు. తర్వాత జరిగినవన్నీ నిజమైనంత మాత్రాన అది అబద్ధమైపోదు.

పేరొచ్చాక ఎవరు ఊరుకుంటారు? సారు ఇంకో మెట్టు ఎక్కాడు. ఒకరి ఒళ్ళు జలదరిస్తే, ఆ జలదరింపును పట్టీ ద్వారా మిగతా పదకొండుమందికీ చిన్న చిమచిమగా పంపిస్తే, ఎవరికి వారు తమ వైపు నుంచి వెతుక్కుంటారు కదా, పెట్టె ఇంకా తొందరగా కూస్తుంది కదా అనుకున్నాడు. నిజమే, కూసింది. పట్టీలు ఇంటికి కూడా పెట్టుకెళితే ఇంకా బాగా నేర్చుకుంటుందన్నారు. పెట్టుకెళ్ళారు.

ఆ వానాకాలం ఒక మధ్యాహ్నం బుల్లియ్య అరుగు మీద వల అల్లుతున్నాడు. రత్నం వాకిట్లో బట్టలు తీస్తోంది. ఆకాశం ఉరిమింది. రత్నం రెండు చేతులతో చెవులు మూసుకుంది.

బుల్లియ్య చేతిలో దారం జారిపోయింది. పుట్టి బుద్ధెరిగి ఆమెకు చప్పుడంటే ఏమిటో తెలియదు. చెవులు మూసుకోవడం అనే పని ఆ చేతులు ఎన్నడూ చెయ్యలేదు. మళ్ళీ ఉరిమింది, మళ్ళీ మూసుకుంది, మోకాళ్ళ మీద కూలబడింది. మర్నాడు వాకబు చేస్తే తెలిసింది. ఉరుమంటే బుద్రికి ప్రాణం పోతుంది. కొండ మీద పిడుగు పడి ఆమె ఇంట్లో ఇద్దరు పోయారు. బయటూరి పనివాళ్ళుండే క్యాంపు షెడ్డులో బుద్రి చెవులు మూసుకుంటే, ఇక్కడ చినలంకలో చెవిటి రత్నం చేతులు లేచాయన్నమాట.

బుల్లియ్య చెల్లెలి పట్టీ తీసి చూశాడు. నాలుగు రోజులు సెలవు పెట్టించాడు. పట్టీ లేకపోయినా వచ్చినవి పోలేదు. కాలవలో ఈదుతూ పెరిగిన పిల్ల పడవ దిగడానికి నీళ్ళలో కాలు పెట్టనంది. ఆ భయం జాలరాయనది. ఆయన కొడుకు నీళ్ళలోనే పోయాడు. అన్నిటికంటే పెద్దది ఇంకొకటి. రత్నం తన వెనక ఎవర్నీ నడవనివ్వడం మానేసింది. సొంత అన్నను కూడా. ఎప్పుడూ వీపు గోడకు ఆనించి నిలబడేది. అన్నం తినేటప్పుడు కూడా పీట జరుపుకుని గోడకు ఆనుకునేది.

ఒక ఆదివారం హాసిని ఇంటికి వచ్చింది. ఆమె కూడా గోడ చూసుకుని, దానికి వీపు ఆనించి కూర్చుంది. ఎదురుగా రత్నం అదే తీరున కూర్చుంది. ఇద్దరూ ఒకే అచ్చులో పోసిన బొమ్మల్లా ఉన్నారు. బుల్లియ్య అడిగాడు, ఈ వీపు గొడవ ఎవరిదని.

"నాదే అన్నయ్యా," అంది హాసిని. "చిన్నప్పుడు మా ఊళ్ళో కుర్రాళ్ళు వెనకాల నుంచి వచ్చి కొట్టేవోళ్ళు. ముందు నుంచొస్తే పారిపోతానని తెలుసు కదా. అప్పట్నుంచీ నా ఎనకాల అడుగు పడితే నాకు ఊపిరాడదు. నా దరిద్రం నాతో ఉంటాదనుకున్నాను. రత్నానికి కూడా అంటుకుంది."

"మరి మా చెల్లిది నీకేవన్నా వచ్చిందా?"

హాసిని ఆలోచించి, దీపం ఆర్పితే భయమేస్తోందని చెప్పింది. చీకట్లో ఎదుటివాళ్ళ చేతులు కనపడవని, కనపడకపోతే లోకం తెగిపోయినట్టుంటుందని అంది. తనకు చెవులు బాగానే పనిచేస్తాయిగా, మరి చేతులు కనపడకపోతే ఏంటట అని తనే నవ్వింది. నవ్వుతూ నవ్వుతూ అరచెయ్యి కడుపు మీద పెట్టుకుంది.

ఆ సైగ చూడగానే బుల్లియ్యకు ఒక అనుమానం వచ్చింది. వచ్చినవాటి లెక్కే చూస్తున్నాడు తను. పోయినవాటి సంగతేమిటి? లేచి నిలబడి మడమతో నేల మీద రెండుసార్లు తన్నాడు. గోడకు ఆనుకున్న రత్నం తల తిప్పలేదు. ఇంకా గట్టిగా తన్నాడు. గూట్లో గ్లాసు కదిలింది, హాసిని ఉలిక్కిపడింది. రత్నం తన చీరకొంగు చూసుకుంటూ ఉంది.

నేల వణుకు రత్నం ఒక్కదానిదే. పదకొండుమందికి లేని దడ పన్నెండో ఒంట్లో ఎంతకాలం బతుకుతుంది? ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అంటారు. ఉలిపికట్టెను దగ్గరికి తీసి, పీట వేసి కూర్చోబెట్టి, మర్యాదగా తమ దారిలోకి తెచ్చుకున్నారు.

మర్నాడు బుల్లియ్య నిరంజన్ గదికి వెళ్ళాడు. సారు కూర్చోమన్నాడు, టీ తెప్పించాడు. బుల్లియ్య టీ ముట్టుకోలేదు. చెల్లెలికి నేల తెలియడం లేదని చెప్పాడు.  సారు కంప్యూటర్ తెర ఇటు తిప్పాడు. మొదటి నెలలో పన్నెండుమంది దడలు పన్నెండు గీతలుగా ఉన్నాయి. పిచ్చుకగూడు పీకినట్టు ఎటుపడితే అటు పోతున్నాయి. ఈ నెలవి చూపించాడు. ఒకటే గీత ఉంది, లావుగా, కొబ్బరితాడులా.

"మళ్ళీ ఒకటే ముక్కు అయింది బుల్లియ్యగారూ," అన్నాడు సారు నెమ్మదిగా. "నేను చూస్తూనే ఉన్నాను."

"చూస్తా ఊరుకున్నారేంటండీ మరి? మా చెల్లిని మాకిచ్చెయ్యండి."

"బయటిదేశంవాళ్ళు చూడ్డానికొస్తున్నారు. వాళ్ళు వెళ్ళగానే పట్టీలన్నీ తీసేస్తాను. కొత్త పన్నెండుమందిని తెస్తాం."

"ఈ పన్నెండుమందీ ఏమైపోతారండి?"

సారు తెరను మళ్ళీ తన వైపు తిప్పుకున్నాడు. చెడ్డవాడైతే ఏదో ఒక అబద్ధం చెప్పేవాడు.

బుల్లియ్యను భయం పట్టుకుంది గానీ, ఆ భయం కంప్రెసర్ గదిలోకి రాలేదు. అదీ చిత్రం. ఇంటి దగ్గర చెల్లెలి ఒళ్ళు మొద్దుబారిందని ఏడ్చినవాడు, డ్యూటీలో పచ్చలైటు చూసి నిశ్చింతగా బీడీ కోసం తడుముకునేవాడు. దడపెట్టె రాకముందు అమ్మోనియా దగ్గర పనిచేసే ప్రతివాడి భుజం మీదా తడి తువాలు ఉండేది. ఆ గ్యాసు నీళ్ళకు లొంగుతుంది, ముఖం మీద తడిగుడ్డ ఉంటే పది అడుగులు ఎక్కువ పరిగెత్తొచ్చు. పెట్టె వచ్చాక తువాళ్ళు ఎండిపోయాయి. బయటివాళ్ళు వస్తున్నారు, చూడ్డానికి బాగోదని కొక్కేల మీద నుంచి కూడా తీయించేశారు. ఎవరూ ఏమీ అనలేదు. బుల్లియ్య కూడా అనలేదు. మన బదులు భయపడే యంత్రం ఉండగా మనకెందుకు?

వాళ్ళు వచ్చే రోజు పొద్దున్నే గోడలకు సున్నం వేశారు. గేటు మీద బోర్డు కడిగారు. పన్నెండుమందికీ కొత్త ఆప్రాన్లు ఇచ్చి, అద్దాల కిటికీలోంచి కనపడేలా ముందు బల్ల దగ్గర నిలబెట్టారు. కంప్రెసర్ అడుగు నుంచి టకటకమని దెబ్బ మొదలైంది. బుల్లియ్య విన్నాడు. షిఫ్ట్ ఇంజినీరూ విన్నాడు. ఇద్దరూ లైటు వైపు చూశారు. పచ్చగా ఉంది. ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకుని, వచ్చినవాళ్ళు వెళ్ళాక ఆపుదాంలే అనుకున్నారు.

అంతలో పైపు తెగింది.

తెల్లటి పొగ నేల మీద నుంచి లేచి నడవాలోకి, అక్కడ నుంచి వొలుపు షెడ్డులోకి పోయింది. షెడ్డులో వందలమంది ఆడవాళ్ళు. ఎవరికి తోచిన తలుపు వైపు వాళ్ళు పరిగెత్తారు, కిటికీలు ఎక్కారు, బల్లల కింద నుంచి దూరారు. తిట్టుకుంటూ, తోసుకుంటూ, ఎలాగో బయటపడ్డారు. బుల్లియ్య చొక్కా విప్పి రొయ్యలు కడిగే ఐసునీళ్ళలో ముంచి, ముక్కుకు కట్టుకుని లోపలికి పోయాడు. పోయి నిలబడిపోయాడు.

పట్టీలు పెట్టుకున్న పన్నెండుమందీ గోడకు వీపులు ఆనించి వరసగా నిలబడి ఉన్నారు. తలుపు ఎదురుగా పది అడుగుల్లో ఉంది. ఒక్కరూ కదలడం లేదు. తలుపు వైపు నడవాలంటే గోడ వదలాలి. గోడ వదిలితే వెనక ఎవరో ఒకరుంటారు. ఏ ఊళ్ళోనో కుర్రాళ్ళు హాసినికి పెట్టిన భయం ఇప్పుడు పన్నెండు వీపుల్ని గోడకు మేకులు కొట్టి బిగించింది. పన్నెండుమందికీ కళ్ళల్లోంచి నీళ్ళు కారుతున్నాయి. పన్నెండు అరచేతులూ పన్నెండు కడుపుల మీద ఉన్నాయి.

బుల్లియ్య మడమతో నేల తన్నాడు. ఆ గందరగోళంలో తెలుస్తుందని కాదు, పిలవడానికి వాడి దగ్గర ఇంకేమీ లేదు. రత్నం చూడలేదు. చెయ్యి పట్టి లాగాడు. ఆమె గోళ్ళు గోడ సున్నంలో దిగబడ్డాయి. కొత్త సున్నం, పెళ్ళలుగా ఊడింది. ఎంత లాగినా ఆమె బరువంతా వీపులోనే ఉంది. అప్పుడు బుల్లియ్య వెనక్కి తిరిగి, గోడకూ ఆమెకూ మధ్య ముందు చెయ్యి, తర్వాత భుజం దూర్చి, తన వీపు ఆమె వీపుకు ఆనించాడు. గోడ పోయినచోట మనిషి వచ్చాడు. రత్నం ఒళ్ళు సడలింది. ఇద్దరూ పీతల్లా పక్కకు నడుచుకుంటూ తలుపు దాటారు.

వీపుకు వీపు ఆనించుకుని వాళ్ళు పోవడం హాసిని చూసింది. పక్కనున్న గర్భిణిని పట్టుకుని తన వీపుకు ఆనించుకుంది. ఆ వెనక ఇంకో ఇద్దరు, ఇంకో ఇద్దరు. బయట ఇసకలో చెల్లెల్ని పడుకోబెట్టి కళ్ళ మీద నీళ్ళు పోస్తూ, బుల్లియ్య తలుపు వైపే చూస్తున్నాడు. అయిదు జతలు వచ్చాయి. తలుపు ఖాళీగా ఉండిపోయింది.

పన్నెండుమందిలో ఒకరిని తను తీసుకొచ్చాడు. మిగిలింది పదకొండు. బుద్రికి వీపు మిగల్లేదు.

బుల్లియ్య లేచి తలుపు దాకా పరిగెత్తాడు. పొగలో, గోడ చివర, చిన్న మనిషి నిలబడి ఉన్నట్టు కనపడింది. చేతులు చెవుల మీద ఉన్నాయో, కడుపు మీద ఉన్నాయో తెలియలేదు. లోపలికి అడుగు వెయ్యబోయాడు. అప్పుడు, ఇరవై రెండేళ్ళ తర్వాత, వాడి ఒళ్ళు ఉలిక్కిపడింది. ఎత్తిన కాలు వెనక్కి వేశాడు. ఎవరో వెనక నుంచి పట్టుకుని లాగారని ఊళ్ళో అనుకుంటారు. ఎవరూ లాగలేదు.

విచారణ జరిగింది. పైపు కంపెనీ తప్పు లేదంది, ఫ్యాక్టరీ తప్పు లేదంది, దడపెట్టె తయారుచేసినవాళ్ళు వచ్చిన దడలన్నీ నమోదయ్యాయనీ, వాటిలో తేడా ఏమీ లేదనీ కాగితాలు చూపించారు. అందరూ శ్రీవైష్ణవులే, బుట్టలో రొయ్యలన్నీ మాయం. నిరంజన్ సారు బుద్రి శవం వెంట కొండ దాకా వెళ్ళాడని, అక్కడ నేల మీద కూర్చుని ఏడ్చాడని హాసిని వచ్చి చెప్పింది. ఏడ్చి ఉంటాడు. ఆ తర్వాత వేరే రాష్ట్రంలో ఇంకా పెద్ద ఫ్యాక్టరీలో ఇంకా ఎక్కువమందితో మొదలుపెట్టాడనీ చెప్పింది. ఈసారి ఒకరి దడ ఇంకొకరికి అంటకుండా ఏదో ఏర్పాటు చేశాడట. కావచ్చు. మొదటిసారి కూడా ఏదో ఒకటి చేశాననే అన్నాడు.

రత్నం కళ్ళు ఆసుపత్రిలో నిలబెట్టారు, ఊపిరితిత్తులు సగం నిలబెట్టారు. ఖర్చుకు ఆమె పేరున్న జాగా అమ్మక తప్పలేదు. చినలంకలో ఫ్యాక్టరీ గోడపక్క నేల ఇంకెవడు కొంటాడు? నీలవేణివాళ్ళే కొన్నారు. ఒప్పందం రోజు కూడా మర్యాదగానే మాట్లాడారు. ప్రహరీ పడగొట్టి, బుల్లియ్య ఇంటి గోడదాకా జరిపి కట్టారు. ఆ జాగాలోని కొబ్బరిచెట్లు కొట్టేసి కొత్త కంప్రెసర్ షెడ్డు లేపారు.

పట్టీ తీసి ఏడాది దాటినా రత్నం గోడ వదల్లేదు. రోజూ అన్నం ముందు బుల్లియ్య మడమతో రెండుసార్లు నేల తన్నేవాడు. ఆమె చూసేది కాదు. అయినా తన్నేవాడు.

మొన్న ఒక పూట పీట వేసి, అన్నం పెట్టి, కాలు ఎత్తాడు. ఇంకా నేల మీద పెట్టలేదు. రత్నం చటుక్కున తిరిగి చూసింది. చూసింది అతన్ని కాదు, తను ఆనుకున్న గోడను. మెల్లగా వీపు గోడ నుంచి తీసింది. రెండు చేతులూ కిందికి దించి అరచేతులు నేల మీద ఆనించింది. కాసేపు అలాగే ఉంది. బుల్లియ్య గుండె ఆనందంతో గంతేసింది. తిరిగొచ్చింది, ఎవరిదీ కానిది, చెల్లెలి సొంతది, తిరిగొచ్చింది.

తర్వాత ఆమె కుడిచెయ్యి లేచి కడుపు మీదికి వెళ్ళింది. కళ్ళు గోడ మీద నుంచి మరలలేదు.

బుల్లియ్య ఎత్తిన కాలు నెమ్మదిగా నేల మీద పెట్టాడు. అతనికేమీ తెలియలేదు. గోడ అవతల కొత్త కంప్రెసర్ మామూలుగానే తిరుగుతున్నట్టు వినిపిస్తోంది. అన్నం వదిలేసి చెల్లెల్ని రెక్క పట్టి లేపాడు. ఎటు పరిగెత్తాలా అని చూశాడు. దానికీ లోకానికీ మధ్య ఉండాలని అమ్మ రాయించిన నలభై ఆరు సెంట్లూ లేవు.